పదో మనిషి

పెద్దాయన మనుషుల్ని వేలు పెట్టి లెక్కపెట్టడు. ఒకటి, రెండు, మూడు అని మనుషుల్ని సరుకులా లెక్కపెట్టడం వాళ్ళలో, యూదుల్లో, తప్పట. అందుకని సరిగ్గా పది మాటలున్న ఒక కీర్తన వాక్యాన్ని ఎత్తుకుని, ఒక్కో మాటకీ ఒక్కో మనిషి వైపు గడ్డం ఆడిస్తూ పోతాడు. మాటలు అయిపోయేసరికి మనుషులూ అయిపోతే లెక్క కుదిరినట్టు. ఇందాకటి నుంచీ ఇది మూడోసారి. తొమ్మిదో మాట కిటికీ దగ్గర నిలబడ్డ చెవిటి ముసలాయన మీద ఆగింది. పదో కుర్చీలో పాస్టరు కూర్చుని ఉన్నాడు. పెద్దాయన చూపు పాస్టరు మోకాళ్ళ దాకా వచ్చి, నిద్రపోతున్న మనిషిని లేపకుండా పక్కనుంచి నడిచి వెళ్ళినట్టు మర్యాదగా తప్పుకుని, గోడ గడియారం మీదికి పోయింది. పాస్టరుకి ఆ హీబ్రూ భాష కొద్దో గొప్పో వచ్చు, వేదాంత కళాశాలలో మూడేళ్ళు చదివాడు. తొమ్మిదో మాటకి 'దాకా' అని అర్థం. పదోది 'ఎప్పటికీ'. నీ ప్రజల్ని కాపాడు, వాళ్ళని మోసుకుపో, ఎప్పటిదాకానో ఆ దాకా. తన గుడిలో ఆరాధన ముగించేటప్పుడు అతను ఎన్నోసార్లు చదివిన వాక్యమే, కాకపోతే దాంతో మనుషుల్ని లెక్కపెట్టొచ్చని ఎప్పుడూ అనుకోలేదు. ఇప్పుడా వాక్యం 'దాకా' దగ్గర ఆగిపోయి, ఎందాకానో చెప్పకుండా గదిలో వేలాడుతోంది.

గదంటే పెద్దదేం కాదు. శ్మశానం గేటు పక్కన సున్నం కొట్టిన గది, మడత కుర్చీలు, ఒక బల్ల, బల్ల మీద పెట్టె. పెట్టెలో బావ. చెక్కకి రంగులేదు, మెరుగులేదు, మేకు కూడా లేదు, అంతా చెక్క చీలలే. వాళ్ళ పద్ధతి అంత, గొప్పవాడికైనా పేదవాడికైనా ఒకటే పెట్టె. అది మంచి పద్ధతే అనుకున్నాడు పాస్టరు, అనుకుంటూనే చెక్క మీద ఒక ముడిని చూస్తూ ఉండిపోయాడు, ఎందుకంటే బావ జన్మలో రంగెయ్యని చెక్కని వదిలిపెట్టిన మనిషి కాదు. బోర్డులు రాసే పెయింటరు. వీధిలో నడుస్తూ నడుస్తూ ఎవరి గుమ్మం ముందో ఆగిపోయి, ఆ తలుపుకి ప్రైమరు కూడా కొట్టలేదని బాధపడేవాడు. ఇప్పుడు చూడు, అనుకున్నాడు, తర్వాత ఆ అనుకోవడం ఎటూ పోలేదు. తల మీద టోపీ జారుతోంది. గుండ్రటి చిన్న గుడ్డ టోపీ, అక్క పొద్దున అతని చేతిలో పెట్టింది, 'ఆయనదేరా, పెట్టుకో, అక్కడ తల కప్పుకోవాలి' అని. బావ తల పెద్దది. లేదా తనకి జుట్టు తగ్గిపోయింది.

శుక్రవారం. కిటికీలోంచి పడుతున్న ఎండ అప్పుడే బల్ల కాళ్ళు దాటి గోడెక్కడం మొదలుపెట్టింది. పొద్దు కుంకితే విశ్రాంతి దినం మొదలవుతుంది, ఇక పార పట్టకూడదు, పూడ్చకూడదు, ఆదివారం దాకా ఆగాలి. పూడ్చడానికి పదిమంది అక్కర్లేదు, చేతులుంటే చాలు. కానీ పూడ్చాక నిలబడి చెప్పే ప్రార్థన ఒకటుంది, అది మాత్రం పదిమంది మగవాళ్ళు, అదీ వాళ్ళలో పుట్టినవాళ్ళు, ఉంటేనే చెప్పాలి. పక్క ఊరి పళ్ళ డాక్టరు వస్తానన్నాడు, పదో మనిషి ఆయనే. మధ్యాహ్నం బయల్దేరాడు కూడా. దారిలో వంతెన మీద లారీ అడ్డం పడిందనీ, అటు బళ్ళు అటే నిలిచిపోయాయనీ ఇందాకే ఫోను చేశాడు. పెద్దాయన ఫోను పెట్టేసి, 'సరే' అన్నాడు. ఎవరితో అన్నాడో తెలీదు. అక్క అటు పక్క పెద్దాయన భార్యతో కూర్చుని ఉంది. ఏడవడం లేదు. చీర కొంగు అంచుని చూపుడువేలికి చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం. ఆసుపత్రిలో వారం రోజులూ బావ ఇంకేమీ అడగలేదట. 'పదిమంది నిలబడితే చాలే, పువ్వులూ గివ్వులూ వద్దు' అన్నాడట. అంతకంటే తేలికైన కోరిక ఉండదని అక్క అనుకుంది. పాస్టరూ అలాగే అనుకున్నాడు. ఆ పదోవాడు ఇన్నాళ్ళూ బావే అన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

సమాజమందిరంలో మనుషులు తగ్గిపోతూ వచ్చి చివరికి పదిమంది మిగిలారు, సరిగ్గా పదిమంది. అందులో ఏ ఒక్కరికి దగ్గొచ్చినా ప్రార్థన ఆగిపోతుంది. శనివారం పొద్దున్నే బావ తెల్లచొక్కా వేసుకుని వెళ్ళిపోయేవాడు, వానైనా, జ్వరమైనా. హెర్నియా ఆపరేషనయిన వారానికే పొట్ట పట్టుకుని మెల్లగా అడుగులేసుకుంటూ వెళ్ళాడు. సముద్రం చూద్దామని అక్క ఎన్నిసార్లు అడిగిందో, ప్రతిసారీ శనివారం అడ్డొచ్చేది. 'నేను పోతే వాళ్ళు తొమ్మిదిమందై కూర్చుంటారే, పాపం కదా' అనేవాడు. ఇది విని పాస్టరు ఒకసారి భోజనం దగ్గర నవ్వాడు. మా ప్రభువు ఇద్దరు ముగ్గురు కూడినా చాలన్నాడు బావా, మీకెందుకీ పది పట్టింపు అన్నాడు. బావ నీళ్ళు తాగి గ్లాసు పక్కన పెట్టాడు. 'అక్కడే ఉంది కిటుకు బామ్మర్దీ. ఇద్దరు చాలన్నారు కాబట్టి మీకు వెయ్యిమంది వస్తున్నారు. పదిమంది కావాలన్నాం కాబట్టి మాకు తొమ్మిదిమందే వస్తున్నారు.' అక్క వంటింట్లోంచి పొలమారేలా నవ్వింది. ఆ తర్వాత బావే సొదొమ సంగతి ఎత్తాడు. దేవుడు ఊరిని తగలబెడతానంటే అబ్రాహాము బేరం పెట్టాడు కదా, యాభైమంది మంచివాళ్ళుంటే వదిలేస్తావా అని మొదలుపెట్టి నలభై అయిదు, నలభై, ముప్ఫై, ఇరవై, పదికి దింపాడు కదా. మరి పది దగ్గర ఎందుకు ఆపాడు? పాస్టరు తనకి తెలిసిన వ్యాఖ్యానమేదో చెప్పబోయాడు. బావ విన్లేదు, 'నోరెండిపోయి ఉంటుంది' అన్నాడు. తర్వాత, నవ్వకుండా, 'ఇంకొక్కసారి అడిగుంటే ఇచ్చేవాడేమో. అడగలేదు' అన్నాడు. మరుసటి వారం పాస్టరు ఆ భాగం మీదే ప్రసంగం చేశాడు, బావ మాట తనదైనట్టు. అందరికీ నచ్చింది.

అసలు చిన్నప్పుడు ఆ మనుషులంటే పాస్టరుకి భయం ఉండేది. నాన్న కూడా పాస్టరే, పెద్ద గొంతు, ప్రసంగ పీఠం మీద పిడికిలి పెట్టి మాట్లాడేవాడు. ప్రతి గుడ్ ఫ్రైడే నాడు నాన్న 'వాళ్ళు' అనేవాడు. వాళ్ళు ఆయన్ని అప్పగించారు, వాళ్ళు ఉమ్మేశారు, వాళ్ళు సిలువ వెయ్యమని అరిచారు. ఆ వాళ్ళకి పేర్లుండేవి కావు, ముఖాలుండేవి కావు, చేతులు మాత్రం ఉండేవి. తీరా అక్క ఒకరోజు ఆ 'వాళ్ళ'లో ఒకణ్ణి ఇంటికి తీసుకొచ్చింది. గోళ్ళలో ఆకుపచ్చ రంగు, చెవి మీద పెన్సిలు, కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చుని గోడ మీద నాన్న ఫోటో చూసి, ఫ్రేము వంకరగా ఉందండీ సరిచెయ్యనా అని అడిగాడు. నాన్న లేచి లోపలికి వెళ్ళిపోయాడు. పెళ్ళికి రాలేదు. అక్క మతం మారలేదు, బావ మారమనలేదు. ఆమె ఆదివారాలు ఆమెవి, అతని శనివారాలు అతనివి, మధ్యలో అయిదు రోజులు సంసారం. నాన్న చనిపోయే ముందు ఒకసారి బావ చేత్తో పళ్ళరసం తాగాడు. అంతే, రాజీ అంటే అదొక్కటే. దాన్ని రాజీ అనాలా, లేక దాహం వేసిందా, పాస్టరు ఇప్పటికీ తేల్చుకోలేదు.

పాస్టరుగా అతని మొదటి గుడ్ ఫ్రైడే ప్రసంగానికి బావ వచ్చాడు. ఎవరూ పిలవలేదు, బామ్మర్ది మాట్లాడుతున్నాడని వచ్చి చివరి బెంచీలో కూర్చున్నాడు. పాస్టరుకి ఆ సంగతి సగంలో కనబడింది. అప్పటికి గొంతు వేడెక్కింది, నాన్న గొంతే వస్తోంది, నాన్న మాటలే వస్తున్నాయి, వాళ్ళు అప్పగించారు, వాళ్ళు అరిచారు. చివరి బెంచీలో ఒక నున్నటి బట్టతల. మాట తడబడింది, కాగితం చూసుకుని మళ్ళీ అందుకున్నాడు. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర బావ చెయ్యి కలిపి, 'గొంతు బాగుందిరా' అన్నాడు. 'నువ్వు వాళ్ళు అన్నప్పుడల్లా వెనక్కి తిరిగి చూశాను, ఇంకెవరన్నా వచ్చి కూర్చున్నారేమోనని.' కోపం లేదు, నవ్వూ లేదు. ఆ మరుసటి ఏడు నుంచి పాస్టరు 'మనం' అనడం మొదలుపెట్టాడు. మనం అప్పగించాం, మనం అరిచాం. విశ్వాసులు మెచ్చుకున్నారు, ఎంత వినయం అన్నారు. వినయం కాదది, చివరి బెంచీ. ఒక బెంచీ ఖాళీగా ఉన్నా సరే దాన్ని చూస్తూ మాట్లాడటం అలవాటైపోయింది.

గుడి ప్రహరీ మీద ప్రతి కొత్త సంవత్సరానికీ వాక్యం రాసేది కూడా బావే. నిచ్చెనెక్కి, సుద్దతో గీతలు కొట్టి, నోట్లో కుంచె పెట్టుకుని, 'పాతదా కొత్తదా' అని అడిగేవాడు, పాత నిబంధనలోదా కొత్త నిబంధనలోదా అని. పాత అన్న మాటే ఆయనకి పట్టేది కాదు. 'పాతదేంట్రా, రోజూ వాడుతుంటే! పాతబడితే కదా పాత అనేది' అనేవాడు. కొత్తదాన్ని కూడా అంతే శ్రద్ధగా రాసేవాడు. మీ ప్రభువు మావాడే కదా, మా అబ్బాయి మాటలు మా గోడ మీద రాసుకున్నట్టే అని నిచ్చెన మీంచి అనేవాడు. పాస్టరు కింద నిలబడి నిచ్చెన పట్టుకుని, జవాబుగా ఏదో అనాలి కదా అని, ఆయన అంతకంటే ఎక్కువ బావా అనేవాడు. 'అయితే అక్షరం ఇంకాస్త పెద్దది రాస్తాలే' అని బావ. పాతికేళ్ళు ఇదే మాట. ఎవరూ ఎవర్నీ ఒప్పించలేదు. పాస్టరు రాత్రి ప్రార్థనలో బావ పేరు ప్రతిరోజూ ఉండేది, ఆయన కళ్ళు తెరువు ప్రభువా అని. ఎప్పుడు మానేశాడో గుర్తులేదు. మానేశానని కూడా చాలాకాలానికి గాని గమనించలేదు, ఇంట్లో గడియారం ఆగిపోతే ఎప్పుడాగిందో తెలియనట్టు.

నిన్న పొద్దున ఆసుపత్రిలో అక్క అతని చెయ్యి పట్టుకుని, వాళ్ళవాళ్ళు వచ్చేలోగా అయిపోయేట్టుందిరా, ఆ మాటేదో నువ్వు చెప్పు అంది. ఏ మాటో అడగనక్కర్లేదు. వాళ్ళు పొద్దున లేవగానే చెప్పుకునేది, పడుకోబోతూ చెప్పుకునేది, చివరి ఊపిరికి చెప్పుకునేది అదొక్కటే. విను, అని మొదలవుతుంది, మన దేవుడు ఒక్కడే, అని ముగుస్తుంది. ఆజ్ఞలన్నిటిలోకీ పెద్దది ఏదని ఎవరో అడిగితే ప్రభువు చెప్పిన జవాబు కూడా అక్కణ్ణించే మొదలవుతుంది. పాస్టరు దాన్ని ఆదివారపు బడిలో ఎన్ని వందలమంది పిల్లలకి బట్టీ వేయించాడో. బావ చెవి దగ్గర వంగి చెప్పాడు. గొంతులో ఏ వణుకూ రాలేదు, అది అతనికే వింతగా తోచింది. చెప్పాక అలవాటుగా 'యేసు నామంలో' అని రాబోయింది, పెదాల దాకా వచ్చింది. బావ కళ్ళు మూసుకునే ఉన్నాయి, వినబడుతోందో లేదో తెలీదు, అన్నా ఎవరూ అడ్డు చెప్పేవాళ్ళు లేరు. పెదాలు మూసుకున్నాడు. ఎందుకు మూసుకున్నాడో దేవుడికి సంజాయిషీ చెప్పుకోవాలంటే ఇప్పటికిప్పుడు అతని దగ్గర మాటలేం లేవు.

ఎండ గోడ మీద ఇంకాస్త పైకి పాకింది. శ్మశానం కాపలాదారు గుమ్మంలో కనబడి, పెద్దాయన వైపు చూసి, వెళ్ళిపోయాడు. చెవిటి ముసలాయన, డాక్టరొచ్చాడా అని గట్టిగా అడిగాడు. ఎవరో తల అడ్డంగా ఊపారు. పాస్టరు టోపీ సర్దుకున్నాడు. ఇందాకటి నుంచీ అతని మనసు ఎటెటో తిరుగుతున్నట్టుంది గాని, నిజానికి ఒకే ఒక్క గుమ్మం చుట్టూ తిరుగుతోంది, లోపలికి వెళ్ళకుండా. ఈ ఊళ్ళో వాళ్ళలో పుట్టిన మనిషి ఇంకొకడున్నాడు. అది ఈ గదిలో అందరికీ తెలుసు. తెలిసే ఎవరూ అనడం లేదు. అనాల్సింది తానేనని పాస్టరుకి తెలుసు.

సైకిలాయన. మార్కెట్ వెనక సైకిళ్ళు బాగుచేసే కొట్టు అతనిది. ఆరేళ్ళ కూతురు జ్వరంతో పోయింది. తిన్నగా పెద్దాయన దగ్గరికి వెళ్ళి, నా పిల్ల నాకు మళ్ళీ కనబడుతుందా అని అడిగాడట. పెద్దాయన అబద్ధం చెప్పే మనిషి కాదు. చనిపోయినవాళ్ళు లేస్తారనే మేమూ నమ్ముతాం, ఎప్పుడో, ఎలాగో, నువ్వు పోల్చుకుంటావో లేదో మాత్రం నేను చెప్పలేను నాయనా అన్నాడట. ఆ తర్వాత సైకిలాయన గుడికొచ్చాడు, ఒక బుధవారం, ఎవరూ లేనప్పుడు. అదే ప్రశ్న. కనబడుతుంది అన్నాడు పాస్టరు. రెప్ప వెయ్యలేదు, ఆలోచించలేదు. నిన్ను చూడగానే పరిగెత్తుకొస్తుంది అని కూడా అన్నాడు, అది ఏ వాక్యంలోనూ లేదు. ఆరు నెలల తర్వాత బాప్తిస్మం. నది ఒడ్డున గుడి గుడంతా వచ్చింది, పాటలు, ఏడుపులు. అన్నేళ్ళ సేవలో అలాంటి ఆత్మ దొరకడం అదే మొదలు, అదే ఆఖరు. పైఅధికారులు మెచ్చుకున్నారు. ఆ వారం బావ గోడకి రంగెయ్యడానికి వచ్చాడు. పనంతా అయ్యాక, డబ్బా మూత పెడుతూ, 'మాకు పదకొండోవాడు ఒకడుండేవాడు' అన్నాడు. 'ఎవరికన్నా ఒంట్లో బాగోకపోయినా నడిచిపోయేది.' అంతే. ఆ శనివారం నుంచి బావ ఒక్క వారమూ మానలేదు. హెర్నియా, సముద్రం, అన్నీ ఆ తర్వాతవే. ఇంతకాలం వాటిని పాస్టరు ఒక వరసలో పెట్టి చూడలేదు. ఇప్పుడు చూశాడు, కుర్చీలో కదలకుండా, మరెవరి జీవితాన్నో చూస్తున్నట్టు.

లేచి పెద్దాయన దగ్గరికి వెళ్ళాడు. "సైకిలాయన ఉన్నాడు కదండీ," అన్నాడు, గొంతు తగ్గించి.

పెద్దాయన కళ్ళజోడు తీశాడు. ఒకప్పుడు మందుల షాపు నడిపిన మనిషి, ఏదడిగినా కళ్ళజోడు తీసి తుడిచి గాని జవాబు చెప్పడు. "మీరు అనే దాకా నేను అనకూడదనుకున్నాను," అన్నాడు చివరికి. "నియమం అడిగితే, బయటికి వెళ్ళిపోయినవాణ్ణి ఈ లెక్కలో వెయ్యకూడదనే ఎక్కువమంది చెప్తారు. వేసుకోవచ్చన్నవాళ్ళూ ఉన్నారు, తక్కువమంది."

"మీరేమంటారు?"

"వాళ్ళమ్మ పెట్టిన భోజనం తిని పెరిగాను నేను. ఇవాళ్టికి నేను ఆ తక్కువమందిలో ఉంటాను." కళ్ళజోడు పెట్టుకుని పాస్టరు ముఖంలోకి చూశాడు. "వాడు మీ మనిషి కదా ఇప్పుడు. మావాడిగా నిలబడమని మీ నోటితో అడగాలి. మీకు అభ్యంతరం లేదా?"

"ఉంది," అన్నాడు పాస్టరు. "వెళ్ళొస్తాను."

కారు తీశాడు. మార్కెట్ దగ్గర జనం, ఎవరో తోపుడుబండి అడ్డం పెట్టారు, హారన్ కొట్టాడు, తల మీద టోపీ అలాగే ఉందని అద్దంలో చూసుకుని తీయబోయి తీయలేదు. మంచి కాపరి తప్పిపోయిన గొర్రెని వెతుక్కుంటూ వెళ్తాడని తాను చెప్పని ఏడాది లేదు. దొరికిన గొర్రెని తిరిగి పాత మందకి తోలుకెళ్ళే కాపరి గురించి ప్రభువు ఏమీ చెప్పలేదు. సైకిలాయన కొట్టు ముందు చక్రం ఒకటి తిరగేసి పెట్టి, ఊచలు బిగిస్తున్నాడు. తల వెంట్రుకలు తెల్లబడ్డాయి. ఆదివారం ఆదివారం చూస్తూనే ఉన్నా ఆ తెలుపు ఇప్పుడే కనబడింది. అతను పాస్టరు ముఖం చూడలేదు, ముందు టోపీ చూశాడు.

"పెయింటరుగారు పోయారని తెలిసింది," అన్నాడు. "రావాలో వద్దో తెలీక ఆగాను."

"తొమ్మిదిమందే ఉన్నారు."

చక్రం ఇంకా తిరుగుతోంది. సైకిలాయన దాన్ని అరచేత్తో ఆపాడు. "నన్ను లెక్కలో వేసుకుంటారా వాళ్ళు?"

"పెద్దాయన వేసుకుంటానన్నాడు."

"మరి మీరు?" అన్నాడు సైకిలాయన. "నన్ను నీళ్ళలో ముంచి లేపింది మీరు. ఆ రోజు నేను పాత మనిషిని అక్కడే వదిలేశానని అందరి ముందూ చెప్పారు. ఇప్పుడు ఆ పాత మనిషినే రమ్మంటున్నారా?"

పాస్టరు దగ్గర దీనికి జవాబు ఉండాలి. వేదాంతంలో ఉంది, పుస్తకాల్లో ఉంది, కావాలంటే రెండు వైపుల నుంచీ ఉంది. "ఆయన పాతికేళ్ళు మా గోడ మీద మన వాక్యాలు రాశాడు," అన్నాడు. "జవాబు కాదిది. పొద్దుపోతోంది, రా."

సైకిలాయన లోపలికి వెళ్ళి చేతులు కిరోసిన్ గుడ్డతో తుడుచుకుని, షట్టరు సగానికి దించి, మళ్ళీ లోపలికి వెళ్ళాడు. ఈసారి వచ్చేసరికి తల మీద ఒక నల్ల టోపీ ఉంది, మడతల దగ్గర రంగు వెలిసిపోయింది. ఇన్నేళ్ళూ దాన్ని ఎక్కడ దాచుకున్నాడో పాస్టరు అడగలేదు. దారిలో, బ్రేకు సరిగ్గా పడటం లేదండీ అన్నాడు సైకిలాయన ఒక్కసారి. చూపిస్తాను అన్నాడు పాస్టరు.

వాళ్ళు వెళ్ళేసరికి పెట్టెని సమాధి దగ్గరికి మోసుకొచ్చేశారు. పెద్దాయన సైకిలాయన్ని పలకరించలేదు, మందలించలేదు. అందరి వైపూ తిరిగి వాక్యం అందుకున్నాడు, ఒక్కో మాటకీ గడ్డం ఆడిస్తూ. ఈసారి 'దాకా' దగ్గర ఆగలేదు. 'ఎప్పటికీ' అనేది వెళ్ళి గ్రీజు మరకల చొక్కా మీద పడింది, సైకిలాయన తల వంచుకున్నాడు. పెట్టె దిగింది. పార తిరగేసి వెనక వైపుతో మొదటి మట్టి వేస్తారు వాళ్ళు, ఈ పనికి తొందర లేదని చెప్పడానికట. ఒకరి చేతిలోంచి ఒకరు అందుకోరు, మట్టిలో గుచ్చి పక్కకి తప్పుకుంటారు, తర్వాతివాడు తానే తీసుకోవాలి. సైకిలాయన తన వంతు వేసి పార గుచ్చాడు. పాస్టరు పెద్దాయన వైపు చూశాడు. దీనికి లెక్కలేదు, ఎవరైనా వెయ్యొచ్చు అన్నట్టు పెద్దాయన తలూపాడు. పాస్టరు పార పెరికి మూడుసార్లు వేశాడు. మట్టి తడిగా ఉంది, బరువుగా ఉంది. మూడోసారి కింద చెక్క చప్పుడు కాలేదు, మట్టి మీద మట్టి పడిన చప్పుడే.

తర్వాత ఆ ప్రార్థన. పదిమంది నిలబడ్డారు, అక్కా పాస్టరూ ఒక అడుగు వెనక్కి. పాస్టరు దాన్ని చదివాడు గాని వినడం ఇదే మొదటిసారి. అందులో చావు లేదు. చనిపోయినవాడి పేరు లేదు, దుఃఖం లేదు, పరలోకం లేదు. ఆయన నామం గొప్పది కావాలి, పరిశుద్ధం కావాలి, ఆయన రాజ్యం రావాలి, మన రోజుల్లోనే రావాలి. మోకాళ్ళ మీద అమ్మ పక్కన కూర్చుని ప్రభువు నేర్పిన ప్రార్థన నేర్చుకున్న రోజు నుంచీ అతను ప్రతిరోజూ అడుగుతున్నవి ఇవే, ఇదే వరసలో, నామం, రాజ్యం. ప్రభువు వీటిని శిష్యులకి నేర్పాడనే తెలుసు. అంతకు ముందు ఆయన అలాంటివి ఎక్కడ వినుంటాడు, ఎవరి పక్కన నిలబడి, ఎవరి కోసం? బహుశా తనని పెంచిన తండ్రి, వడ్రంగి, పోయిన రోజున. ఆ ఆలోచన అతనికి ఎప్పుడూ రాలేదు. వచ్చినందుకు ఏమీ కూలిపోలేదు. సైకిలాయన గొంతు మధ్యమధ్యలో వినబడుతోంది, మర్చిపోయిన చోట ఆగుతూ, పక్కవాడి పెదాలు చూసి అందుకుంటూ. 'ఆమెన్' వచ్చినప్పుడల్లా అందరూ అన్నారు. అక్క అంది. పాస్టరు అన్నాడు.

అయ్యాక పదిమందీ అయిదుగురేసి రెండు వరసలుగా నిలబడితే మధ్యలోంచి అక్క నడిచింది. ఆమె వెళ్తుంటే ఒక్కొక్కరూ ఓదార్పు మాట చెప్పారు. అక్క చివరిదాకా తలెత్తి నడిచింది, చివర్లో కొంగు వదిలేసి చేతులతో ముఖం కప్పుకుంది. పెద్దాయన భార్య ఆమెని పట్టుకుంది.

గేటు దగ్గర కుళాయి ఉంది. శ్మశానం నుంచి వెళ్ళేవాళ్ళు చేతులు కడుక్కుని వెళ్ళాలి. సైకిలాయన వంగి కడుక్కుంటున్నాడు. మట్టి పోయింది, గ్రీజు పోలేదు. పాస్టరు తన వంతు కోసం పక్కన నిలబడ్డాడు. ఎండ చెట్ల చివళ్ళ మీదే మిగిలింది.

"పాస్టరుగారూ," అన్నాడు సైకిలాయన, చేతుల్నే చూసుకుంటూ. "రేపు పొద్దున మళ్ళీ తొమ్మిదిమందే కదా వాళ్ళు."

పాస్టరుకి నదిలో ఆ రోజు ఈ మనిషి తల తన అరచేతిలో ఎంత బరువుగా ఉందో గుర్తొచ్చింది. ఎంత నమ్మకంగా వెనక్కి వాలాడో.

"మా పాప విషయం మీరు చెప్పింది నేను వదలను," అన్నాడు సైకిలాయన. "అది వదలమంటే మాత్రం రాను. అక్కడికీ రాను, ఇక్కడికీ రాను."

"వదలమని ఎవరన్నారు?" అన్నాడు పాస్టరు. కుళాయి కట్టేసి, మళ్ళీ తిప్పి, తన చేతులు కింద పెట్టాడు. నీళ్ళు చల్లగా ఉన్నాయి. "పొద్దున ఎన్నింటికి మొదలుపెడతారో పెద్దాయన్ని అడిగి వెళ్ళు. మళ్ళీ ఆయన ఇల్లు దూరం."

సైకిలాయన తడి చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ పెద్దాయన వైపు నడిచాడు. అక్క వచ్చి పాస్టరు పక్కన నిలబడింది. అక్కడ ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటున్నారు, పెద్దాయన వేళ్ళెత్తి చూపిస్తున్నాడు.

"ఏమంటున్నాడురా?" అంది అక్క.

"టైము అడుగుతున్నాడు," అన్నాడు పాస్టరు.